పాసింజరు ముట్టని రొట్టె

పెరట్లో పిల్లి మూత్రానికి చీమలు బారులు తీరడం, గంగాభవాని అనుమానపడి దాన్ని రేకు మూతలో పట్టి మామగారి చక్కెర పరీక్షకు వాడే గాజుగొట్టంలో నీలం మందుతో కాచి చూడడం, ఆ నీలం కాస్తా ఇటుక రంగుకి తిరగడం, ఇదంతా రాయపూర్ రైల్వే కాలనీ చెప్పుకుని చెప్పుకుని నవ్వుకున్న సంగతే. మామగారికి చక్కెర జబ్బు, ఆయన పిల్లికీ చక్కెర జబ్బేనట! నవ్వరూ మరి? కాని కాలనీకి తెలియనిది ఒకటుంది. పశువుల డాక్టరు చంద్రాకర్ పిల్లికి రోజూ చుక్కంత ఇన్సులిన్ పొడవమన్నాడు. ఆ చుక్క ఎక్కడి నుంచి వస్తోందో గంగాభవానికి ఒక్కదానికే తెలుసు. మామగారి సీసాలోంచి. ఆయనకు చెప్పలేదు. గార్డు ఉద్యోగం చేస్తూ రోజుల తరబడి లైను మీదే ఉండే భర్త పరదేశికీ చెప్పలేదు.

తప్పు చేస్తున్నానని తెలిసే చేసింది. మామగారు వెంకటస్వామి ముప్పయ్యేళ్లు ఇంజను నడిపినవాడు. భార్య పోయాక ఆయనకు మిగిలిన తోడు ఆ పిల్లి ఒక్కటే. ఇంజను వెనక టెండరులో బొగ్గుల మధ్య కళ్లు తెరవని కూనగా దొరికితే జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. కనిపించిన ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఏదో ఒకటి తినందే కదలదని దానికి పాసింజరు అని పేరు పెట్టాడు. ఆ పిల్లి పోతే ముసలాయన ఏమైపోతాడో అన్న భయంతోనే గంగాభవాని సీసా ముట్టుకుంది. మొదట్లో పిల్లి తేరుకుంది కూడా. నీళ్ల కోసం కుండ చుట్టూ తిరగడం మానింది, ఎండలో ఒళ్లు నాక్కోవడం మళ్లీ మొదలుపెట్టింది.

అలాంటిది నిన్న పొద్దుట నుంచి తిండి ముట్టడం లేదు.

చేపముక్క వేస్తే దగ్గరికి వస్తుంది. వాసన చూస్తుంది. మూతి నాక్కుంటుంది. ఇంకేం, తింటుంది అనుకునేలోగా మొహం తిప్పేసుకుని గోడవారకు పోయి ముడుచుకుంటుంది. గంగాభవాని నిన్న సాయంత్రం దాన్ని ఒళ్లో అదిమిపెట్టి పాలన్నం నోట్లో కుక్కింది. మింగినట్టే మింగి, నురగతో సహా ఆమె చీర మీదే కక్కేసింది. ఇవాళ పొద్దున్న చొంగ కారుస్తూ కూర్చుంది. మందు ఎక్కువైందా? చేతులారా చంపుకుంటున్నానా?

గబగబా మామగారికి సూది వేసింది. ఎప్పటిలాగే రెండు గోధుమ రొట్టెలు, కాకరకాయ వేపుడు, గిన్నెడు పాలు ఆయన మంచం దగ్గర పెట్టింది.

"తినెయ్యండి మావయ్యా. నాను పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లొస్తాను."

"ఎల్లమ్మా, ఎల్లు. బేగి ఎల్లు," అన్నాడు వెంకటస్వామి. ఆయన చూపంతా బుట్టలో ఉన్న పిల్లి మీదే ఉంది. "దానికేటైనా అయితే నాను సూడలేను."

* * *

పశువుల ఆసుపత్రి వరండాలో రెండు గేదెలు, కాలు విరిగిన మేక, వాటి మనుషులు. డాక్టరు చంద్రాకర్ ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చినవాడే. ఎద్దుల మధ్య పెరిగాడు, కలకత్తాలో చదువుకున్నాడు. కుక్కల్లో ఈ జబ్బు చూశానని, పిల్లిలో పుస్తకంలో చదవడమే తప్ప చూడ్డం ఇదే మొదలని ముందే చెప్పేశాడు. అలా చెప్పినందుకే గంగాభవానికి ఆయన మీద నమ్మకం కుదిరింది.

పిల్లిని బల్ల మీద పెట్టి పొట్ట తడిమాడు. చిగుళ్లు చూశాడు. మెడ దగ్గర తోలు లాగి వదిలి, అది ఎంత నెమ్మదిగా సర్దుకుంటుందో చూశాడు. అటెండరు టిఫిను డబ్బాలోంచి చేప వాసన తగలగానే పాసింజరు మళ్లీ మూతి నాక్కుంది.

"చూశారా బహెన్‌జీ, ఆ నాకడం?" అన్నాడు హిందీలో. "ఆకలితో కాదు. కడుపులో తిప్పుతోంది. ఆకలి ఉంది, తినబోతే వికారం. అదీ దీని బాధ. నిన్న బలవంతంగా ఏమైనా పెట్టారా?"

గంగాభవాని తల వంచుకుంది. "పాలన్నం కుక్కాను డాక్టర్ సాబ్."

"ఇంక పాలన్నం చూస్తే పారిపోతుంది. వికారంగా ఉన్నప్పుడు నోట్లో కుక్కిన తిండిని పిల్లి మరిచిపోదు." ఆయన గొంతులో కోపం లేదు. "ఎండుచేపలున్నాయా ఇంట్లో? ఉప్పంతా పోయేదాకా కడిగి, ఉత్తనీళ్లలో ఉడికించండి. కారం, పసుపు, ఏమీ వద్దు. ఆ నీళ్లు గోరువెచ్చగా, పల్చటి పళ్లెంలో, నాలుగు చెంచాలు పెట్టండి. అది ఎక్కడ పడుకుంటే నిశ్చింతగా ఉంటుందో అక్కడ పెట్టండి. పెట్టి పక్కకు తప్పుకోండి. నిలబడి చూడకండి. నాకితే కాసేపాగి ఇంకొంచెం. నాకకపోతే తీసేయండి, వాసన అక్కడ ఉండకూడదు. సాయంత్రానికీ ఏమీ తినకపోతే మళ్లీ తీసుకురండి. ఇంత లావు పిల్లి పస్తుంటే కాలేయం చెడిపోతుంది."

"మరి సూది?"

"ముందు తిండి, తర్వాత సూది. తినకపోతే సూది లేదు. సగం తింటే సగం మందు. ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి బహెన్‌జీ. ఖాళీ కడుపు మీద ఆ మందు మందు కాదు."

"ఏమవుతుంది?"

"వణుకుతుంది. తూలుతుంది. పిలిచినా మిమ్మల్ని పోల్చుకోదు. ఊరికే రక్కుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఇది," కాగితం పొట్లంలో గ్లూకోసు పొడి కట్టి ఇచ్చాడు, "నీళ్లతో తడిపి వేలితో చిగుళ్లకి రాయండి. గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాయండి, అంతే."

గంగాభవాని పొట్లం నడుం దగ్గర దోపుకుంది. బుట్ట మూత వేయబోతూ ఆగింది.

"మనుషులకీ ఇంతేనా డాక్టర్ సాబ్?"

"మందు అదే కదా. మనుషులకి ఒళ్లంతా చెమటలు కూడా పడతాయి. కారణం లేకుండా కోపం వస్తుంది. తెలివైనవాడైతే జేబులో మిఠాయి ముక్కో బెల్లం ముక్కో పెట్టుకు తిరుగుతాడు." ఆయన చేతులు కడుక్కుంటూ మామూలుగా అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, దీనికి మీరు పొద్దున్న ఏం పెడతారు?"

"చారెడు అన్నం, చేప ఉంటే ఓ ముక్క."

"చారెడన్నం తినే పిల్లి ఇలా ఉండదు." ఆయన నవ్వాడు. "ఇది ఏడాదిగా ఒక మనిషి భోజనం తింటున్న పిల్లి. ఇరుగుపొరుగుని అడగండి, ఎవరు పెడుతున్నారో."

* * *

రిక్షాలో కూర్చున్నాక కూడా డాక్టరు చివరి మాట గంగాభవాని చెవికి ఎక్కలేదు. అంతకు ముందు మాటే ముల్లులా గుచ్చుకుంటోంది.

బెల్లం ముక్క.

కిందటి నెల మామగారి చొక్కా ఉతకబోతే జేబులో బెల్లం దొరికింది. గుడ్డపీలికలో చుట్టి, దాచిపెట్టి ఉంది. అప్పటికి కొన్ని వారాలుగా గాజుగొట్టం ఎర్రబడుతూనే ఉంది. రొట్టెలు కొలత ప్రకారం పెడుతున్నా ఎందుకు ఎర్రబడుతోందో తెలియక ఆమె సతమతమవుతోంది. ఆ బెల్లం చూసేసరికి ఒళ్లు మండిపోయింది. పరదేశి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. భర్త ముందే మామగారిని నిలదీసింది. "ఇంత వయసొచ్చి దొంగతిండేటి మావయ్యా? నాను తెల్లారగట్ల లెగిసి సేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అంది. ఆయన ఒక్క మాట అనలేదు. పరదేశీ అనలేదు. బెల్లం తీసుకెళ్లి కాలవలో పారేసింది. ఇంట్లో పంచదార, బెల్లం, ఆఖరికి తేనె సీసా కూడా పక్కింటి దాలమ్మకి ఇచ్చేసింది. కాలనీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ముసలాయన దొంగచాటుగా తీపి తింటున్నాడని చెప్పింది. ఆయన ఆమె మాట నమ్మి మందు పెంచాడు.

పెంచాక మామగారికి కళ్లు తిరగడం మొదలైంది. చీటికీ మాటికీ చిరాకు. బనీను చెమటతో తడిసిపోయేది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంది.

"థోడా జల్దీ చలో భయ్యా," అని రిక్షావాణ్ణి తొందరపెట్టింది.

ఇంటికి వచ్చేసరికి మామగారి మంచం ఖాళీగా ఉంది. కంచం, గిన్నె ఎప్పటిలాగే శుభ్రంగా ఉన్నాయి. ఆమెకు కొంచెం ఊపిరి వచ్చింది. తిన్నారు. తినే వెళ్లి ఉంటారు. రోజూ ఈ వేళకి స్టేషను వైపు నడిచి వెళ్లి బళ్లు చూసి వస్తారు కదా.

పిల్లిని బుట్టలోంచి దించి, ఎండు నెత్తళ్లను నాలుగు నీళ్లలో కడిగి ఉడకబెట్టింది. ఆవిరితో వంటిల్లంతా వాసన కమ్ముకుంది. పల్చటి సత్తు పళ్లెంలో నీళ్లు వంచి, వేలు ముంచి వెచ్చదనం చూసుకుంది. పాసింజరు అప్పటికే కాళ్లీడ్చుకుంటూ వరండాలోకి పోయి మామగారి మంచం కింద దూరింది. అదే దానికి నిశ్చింతైన చోటు. ఆమె పళ్లెం మంచం కిందకు తోసి తలుపు చాటుకు వచ్చి నిలుచుంది. చూడవద్దన్నాడు డాక్టరు. చూడకుండా ఎలా ఉంటుంది?

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నాలుక చప్పుడు. చిన్నగా, ఆగి ఆగి, మళ్లీ.

గంగాభవాని కొంగు నోట్లో కుక్కుకుంది. సంతోషమో ఏడుపో ఆమెకే తెలియలేదు. పళ్లెం ఖాళీ అయ్యే దాకా ఆగి, ఇంకో నాలుగు చెంచాలు పోద్దామని మంచం కిందకు వంగింది.

పులిసిన వాసన కొట్టింది. నెత్తళ్లది కాదు.

ఇంకా లోపలికి, ట్రంకుపెట్టె వెనక, ఒక మట్టి మూకుడు ఉంది. చెయ్యి చాపి లాగింది. అందులో పాలలో నానబెట్టిన గోధుమ రొట్టెలు, కాకరకాయ ముక్కలు. పై రొట్టెలు రెండూ ఇంకా మెత్తగా ఉన్నాయి. కిందివి విరిగిపోయి, పులిసి, చీమలు పట్టి ఉన్నాయి. పైవి ఇవాళ పొద్దున్న ఆమె కాల్చినవే. అంచు మాడిన రొట్టెను ఆమె వెంటనే పోల్చుకుంది. కిందివి నిన్నటివి.

ఇది ఏడాదిగా ఒక మనిషి భోజనం తింటున్న పిల్లి.

మూకుడు ఆమె చేతిలోంచి జారి పగిలింది. పిల్లి తిన్నన్నాళ్లూ ఆనవాలు లేదు. పిల్లి మానేసేసరికి బయటపడింది. కడుపులో ఏమీ లేని మనిషికి, పెంచిన మందు, పొద్దున్నే, తన చేత్తో పొడిచింది. ఆయన జేబులో ఉండాల్సిన బెల్లం ముక్క తన చేత్తోనే కాలవలో పారేసింది.

"దాలమ్మక్కా!" గోడ మీంచి కేక పెట్టింది. "మా మావయ్య ఎటెల్లాడు? సూసావా?"

దాలమ్మ చేటతో బయటికి వచ్చింది. "ఇందాకే ఎల్లాడమ్మా, ఛోటీ లైను కాసి. పలకరిస్తే ఇసుక్కున్నాడు. ఏటో తూలుతున్నట్టు నడిసాడు. ఏటైందే?"

గంగాభవాని అప్పటికే వీధిలో ఉంది. చెప్పులు కూడా వేసుకోలేదు.

* * *

ధమ్తరీ వెళ్లే చిన్నబండ్ల ప్లాట్‌ఫారం ఎండలో మాడిపోతోంది. చివర నీళ్ల కొళాయి దగ్గర సిమెంటు అరుగు మీద వెంకటస్వామి కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కుడిచెయ్యి ఇంజను రెగ్యులేటరు పిడి పట్టుకున్నట్టు గాలిలో బిగిసి ఉంది.

"మావయ్యా!"

ఆయన తల తిప్పి చూశాడు. ఆ కళ్లలో ఆమె లేదు.

"ఎవర్నువ్వు? తప్పుకో. లైను క్లియరు ఇచ్చీసినాడు. రెగ్యులేటరు మీంచి సెయ్యి తీ!"

"నాను మావయ్యా, గంగని."

"తప్పుకోమన్నానా!" మోచేత్తో విసిరాడు. ఆమె పెదవి చిట్లింది. టీ దుకాణం వాడు పరిగెత్తుకొచ్చాడు. "క్యా హువా మాయీ? పీకే ఆయా హై క్యా?" తాగి వచ్చాడేమో అని వాడి అనుమానం.

"నహీ భయ్యా, బీమార్ హై. పకడో, చెయ్యి పట్టుకో!"

వాడు వెనక నుంచి భుజాలు పట్టుకున్నాడు. ఆమె నడుం దగ్గర పొట్లం విప్పి, కొళాయి కింద వేలు తడిపి, పొడి అద్ది, ఆయన పెదవి పక్కకు లాగి చిగుళ్లకి రాసింది. ఆయన కొరికాడు. ఆమె వేలు తియ్యలేదు. మళ్లీ అద్దింది, మళ్లీ రాసింది. గొంతులో పోయకండి, రాయండి, అంతే. డాక్టరు మాటలే మనసులో వల్లించుకుంటూ, పిల్లికి నేర్చుకున్న వైద్యం మామగారికి చేస్తూ, ఆ ఎండలో మోకాళ్ల మీద కూర్చుంది. నూకాలమ్మ తల్లీ, ఒక్కసారి. ఈ ఒక్కసారి.

పొట్లం సగం పైన అయిపోయాక ఆయన బిగిసిన చెయ్యి మెల్లగా వదులైంది. నాలుక ఆడించి తీపిని తనంతట తానే చప్పరించాడు. మింగగలడని నమ్మకం కలిగాక, దుకాణం వాడు తెచ్చిన చాయ్‌లో మిగతా పొడి కూడా కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. వాడు ఇచ్చిన రెండు బిస్కట్లు కూడా తినిపించింది.

"గంగా," అన్నాడు చాలాసేపటికి. "నీ మూతికి రక్తమేటి?"

అంతవరకు ఆపుకున్నదంతా ఒక్కసారి పొంగింది. ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. దుకాణం వాడు ఇద్దర్నీ ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు.

"రొట్టెలు సూసాను మావయ్యా. మంచం కింద."

ఆయన తడిసిన చొక్కా గుండీ పెట్టుకోబోయాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"సానాళ్లయిందమ్మా. ఆ రొట్టి కంచంలో సూత్తేనే కడుపులో దేవుతాది. సూది పెంచిన కాడ్నించీ మరీని. ఓరోజు తినగల్ను, ఓరోజు తినలేను."

"నాకు సెప్పలేకపోయారేటి?"

"ఎలా సెప్పను? నా ఒక్కడి కోసం సీకటితో లెగిసి పిండి కలుపుతావు. ఆ పొగలో నీ కళ్లు సూసేవోణ్ని. వద్దనడానికి నోరు రాలేదు. పాసింజరుకి పెడితే అది తినీసేది. నువ్వు కంచం సూసి సంతోషపడేదానివి." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "దానికి జబ్బు తెచ్చింది నానే. ఆ సంగతి నీకంటే ముందు నాకే తెల్సు."

"ఆ బెల్లం..."

"సెయ్యి వణికితే ఓ ముక్క నోట్లో యేసుకునేవోణ్ని. నిమ్మళించేది."

"మరి ఆ రోజు ఆ మాటెందుకు సెప్పలేదు మావయ్యా? నాను అంతలేసి మాటలంటే?"

వెంకటస్వామి పట్టాల వైపు చూశాడు. "దొంగన్నావు గదమ్మా. దొంగ ఏటి సెప్తే మాత్రం ఎవులు నమ్ముతారు?"

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆయన అలా అనలేదు. రైలు వేళ చెప్పినట్టు చెప్పాడు. గంగాభవాని తల ఎత్తలేకపోయింది. ఆకలితో, వికారంతో, భయంతో ఒక ముక్క బెల్లం దాచుకున్నవాణ్ణి దొంగ అంది. రోజూ పొద్దున్నే ఆయనకు వీపు తిప్పి, ఆయన సీసాలోంచే మందు లాగిన చేతులు తనవి.

"దొంగని నాను మావయ్యా," అంది. చెప్పేసింది. పిల్లి సూది సంగతి, సీసా సంగతి, మొదటి రోజు చెయ్యి ఎలా వణికిందో, తర్వాత వణకడం ఎలా మానేసిందో, అన్నీ.

ఆయన విన్నాడు. చివరికి ఆమె భయపడుతూనే తల ఎత్తింది.

"ఎంత తీసావు?"

"సుక్క. రోజుకో సుక్క."

"ఇంకో సుక్క ఎక్కువ తియ్యలేకపోయావా? నాకు పొడిసే మందు అంత తగ్గేది." ఆయన పెదవుల మీద నవ్వులాంటిది మెదిలింది. ఆమె నవ్వలేకపోయింది. ఆయనే మళ్లీ అన్నాడు, మెత్తగా, "పాసింజరు తిన్నాదా?"

"నెత్తళ్ల నీళ్లు నాకింది."

"అయితే బతుకుతాది."

ఆ మాటకు ఆమెకు మళ్లీ ఏడుపు వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని గట్టిగా అంది. "ఇప్పుడే డాక్టరుగారి కాడికి ఎల్దాం. అన్నీ సెప్పెస్తాను. నా మాట మీదే గదా మందు పెంచారు, నా నోటితోనే సెప్తాను. రొట్టె వద్దు, ఏటి తినగలరో అదే వండుతాను. తిన్నాకే సూది. రాత్రికి మీ అబ్బాయొస్తే ఆయనకీ సెప్పెస్తాను."

వెంకటస్వామి మొహం మారింది. చాయ్‌తో తేరుకున్న రంగు మళ్లీ పాలిపోయింది.

"పరదేశికి సెప్పక్కర్లేదమ్మా."

"ఎందుకు? ఆయన తిడతారనా? తిట్టనీండి. తిట్టించుకోవాల్సిందే నాను."

"అది కాదు." ఆయన అరుగు అంచు పట్టుకున్నాడు. "ఆడికి తెల్సు."

"ఏటి తెలుసు?"

"అన్నీని. నాను తిననని తెల్సు. ఆ బెల్లం ఎందుకో తెల్సు. నువ్వు దాన్ని కాలవలో పారేసిన్నాడు, ఆడు నీ ఎనకాలే నిలబడ్డాడు గదా. అప్పటికే తెల్సు."

గంగాభవాని ఆ రోజు తలుపు దగ్గర నిలబడ్డ పరదేశి మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆ మొహంలో ఏముంది? అప్పుడు చూడనే లేదు. తను అరుస్తూ ఉంది.

"తెలిసి నోరెత్తలేదా? మందు పెంచితే కూడా? ఎందుకు మావయ్యా?"

ముసలాయన ఆమె భుజం మీదుగా పట్టాల చివరకు చూస్తున్నాడు. అటు నుంచి చిన్నబండి పొగ వదులుతూ వస్తోంది. పెట్టెలు ఒక్కొక్కటే వాళ్ల ముందు నుంచి జారి, కీచుమంటూ ఆగాయి. జనం మూటలతో దిగారు. వెనక పెట్టెలోంచి తెల్లకోటు వేసుకున్న గార్డు, చంకలో జెండాలు పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీదకు దూకాడు.

పరదేశి. రాత్రికి గాని రాడనుకున్నవాడు, డ్యూటీ మారి ముందే వచ్చాడు.

రెండడుగులు వేసి వాళ్లను చూశాడు. తండ్రి తడిసిన చొక్కా చూశాడు. భార్య చిట్లిన పెదవి, నేల మీద పడి ఉన్న ఖాళీ పొట్లం చూశాడు. పరిగెత్తుకు వస్తాడనుకుంది గంగాభవాని. ఏమైందని అడుగుతాడనుకుంది.

అతను ఉన్నచోటే ఆగిపోయాడు.

"సెప్పీసినావా, నాన్నా?" అన్నాడు. "దీనికి సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నది నువ్వే గదా."